పెండ్లి పత్రము, సాక్షుల సంతకము

పాఠ్య భాగములు: యిర్మీయా 32:6–15; రూతు 4:1–11



యిర్మీయా బందీగా నుండిన కాలములో అనాతోతులోని పొలమును కొనెను. వెండి తూచి యిచ్చి, పత్రము వ్రాసి, సాక్షుల యెదుట సంతకము చేసెను. ముద్రవేసిన పత్రమును, తెరచియున్న పత్రమును మంటికుండలో భద్రపరచుమని బారూకునకు చెప్పెను. పట్టణము ముట్టడిలో నుండగా కాగితములెందుకని ప్రవక్త అనలేదు. బోయజు కూడ రూతును పెండ్లాడుటకు ముందు గవినియొద్ద పదిమంది పెద్దలను సాక్షులుగా కూర్చుండబెట్టెను. ఆ విధవరాలికి ఏ అన్యాయమును జరుగకుండునట్లు ఆయన ఈ జాగ్రత్త తీసికొనెను. విశ్వాసమునకు పత్రము విరోధి కాదని ఇందువలన గ్రహింతుము.

నల్లగొండ, వరంగల్లు వైపు గ్రామములనుండి బస్సెక్కి, ఉప్పల్ రింగురోడ్డు దగ్గర దిగి, నాచారము కార్ఖానాలలో పనికి కుదిరిన యువకులు మన సంఘములలో ఎందరో కలరు. అట్టివారిలో ఒకని భార్యను మేమెరుగుదుము. వారి పెండ్లి ఒక అద్దె గదిలో ప్రార్థనతో, పాటలతో జరిగెను. భర్త అకస్మాత్తుగా మరణింపగా, ప్రావిడెంటు ఫండు పింఛను కొరకు ఆమె వెళ్లెను. "అమ్మా, పెండ్లి సర్టిఫికెట్టు ఏది?" అని అడిగిరి. ఆమెయొద్ద పెండ్లి ఫోటోలు మాత్రమే యుండెను. పెండ్లి చేసిన బోధకునికి లైసెన్సు లేదని అప్పుడు తెలిసెను. చంటిబిడ్డను చంకనెత్తుకొని ఆమె ఎన్ని గుమ్మములు ఎక్కి దిగెనో చెప్పనలవికాదు. గనుక ఈ మాసము ఈ పాఠమును మీ ముందుంచుచున్నాము.

1. పెండ్లి ఎవరు చేయవచ్చును? మనకు వర్తించునది 1872వ సంవత్సరపు భారత క్రైస్తవ వివాహ చట్టము. వధూవరులలో ఒక్కరు క్రైస్తవులైనను ఈ చట్టము ప్రకారము పెండ్లి జరుగవచ్చును. బిషప్పుచేత అభిషేకము పొంది తన సంఘ క్రమము చొప్పున పెండ్లి చేయు గురువులు, ప్రభుత్వ లైసెన్సుగల బోధకులు, వివాహ రిజిస్ట్రారులు మొదలైనవారికే ఆ అధికారము కలదు. అధికారము లేనివాడు చేసిన పెండ్లి చట్టము యెదుట చెల్లదు. తెలిసి చేసినవానికి పదియేండ్ల వరకు శిక్ష పడవచ్చును. నోటీసులోనో, వేళలోనో, రిజిస్టరులోనో చిన్న లోపమున్నంత మాత్రమున పెండ్లి రద్దు కాదు. అధికారము లేకపోవుట అట్టి చిన్న లోపము కాదు. కావున "అయ్యా, మీ లైసెన్సు చూపుదురా?" అని ముందుగా అడుగుట అమర్యాద కాదు.

2. వయస్సు. వరునికి 21, వధువునకు 18 ఏండ్లు నిండవలెను. పదవ తరగతి మెమో గాని, జనన ధ్రువపత్రము గాని చూపుడి. ఆధార్ కార్డులోని పేరును, పుట్టిన తేదీయు దానితో సరిపోవునో లేదో ముందే చూచుకొనుడి.

3. నోటీసు. ఇద్దరిలో ఒకరు పేర్లు, వృత్తి, నివాసము, అక్కడ ఎంతకాలమునుండి యున్నారో, పెండ్లి ఎక్కడ జరుగునో వ్రాసి బోధకునికి ఇయ్యవలెను. దానిని గుడిలో అందరికి కనబడుచోట అంటింతురు. నోటీసు అందిన తరువాత నాలుగు దినములు గడచినగాని బోధకుడు నోటీసు సర్టిఫికెట్టు ఇయ్యరాదు. సర్టిఫికెట్టు ఇచ్చిన రెండు నెలలలోగా పెండ్లి జరుగవలెను. రక్తసంబంధాదులవలన అడ్డంకి లేదని ఒకరు ప్రమాణపూర్వకముగా చెప్పవలెను.

4. వేళ, సాక్షులు. ఉదయము 6 గంటలు మొదలు సాయంత్రము 7 గంటల లోపల ప్రమాణములు జరుగవలెను. విందు రాత్రి ఫంక్షను హాలులో పెట్టుకొనవచ్చును. ప్రమాణములను మాత్రము రాత్రికి నెట్టరాదు. బోధకుడు గాక కనీసము ఇద్దరు సాక్షులుండవలెను.

5. రిజిస్టరు. దీనిలో వధూవరులు, బోధకుడు, ఇద్దరు సాక్షులు సంతకములు చేయుదురు. దానికి అంటియున్న సర్టిఫికెట్టును బోధకుడు ఒక నెలలోగా వివాహ రిజిస్ట్రారునకు పంపవలెను. యిర్మీయా రెండు ప్రతులు ఇట్టివే గదా! పంపిరో లేదో అడిగి తెలిసికొనుడి.

6. పూర్వము పెండ్లియైనవారు. భర్తగాని భార్యగాని మరణించియుండినయెడల మరణ ధ్రువపత్రము కావలెను. విడిపోయినవారైతే కోర్టు డిక్రీ కావలెను. గ్రామ పెద్దల పంచాయతీ కాగితముతో క్రైస్తవ వివాహము రద్దు కాదు.

7. ప్రభుత్వ నమోదు. 2002వ సంవత్సరపు రాష్ట్ర చట్టము అన్ని మతములవారి వివాహములను నమోదు చేయించవలెనని చెప్పుచున్నది. 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడ దేశమంతట అట్లే జరుగవలెనని ఆదేశించెను. ఉప్పల్, నాచారము 2016 అక్టోబరు వరకు రంగారెడ్డి జిల్లాలో నుండెను. అప్పుడు ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో చేరెను. పాత కాగితముపై పాత జిల్లా పేరు చూచి భయపడకుడి.

ఒక కష్టమైన మాట మిగిలియున్నది. 1950వ సంవత్సరపు రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవులు షెడ్యూల్డు కులములవారుగా ఎంచబడరు. ఆ కులములనుండి క్రైస్తవులైనవారు మన రాష్ట్రములో బి.సి.–సి వర్గమునకు చెందుదురు. చర్చి సర్టిఫికెట్టు తీసికొన్నయెడల పిల్లల చదువు, ఉద్యోగము పోవునేమో అని కొందరు కాగితమే లేకుండ పెండ్లి చేసికొనుచున్నారు. ఆ భయము ఎక్కడనుండి వచ్చినదో మేమెరుగుదుము, వారిని నిందింపము. అయినను దాచిన పెండ్లి బరువు తుదకు భార్య మీదను, బిడ్డల మీదను పడుచున్నది. మనము పైన చెప్పిన సహోదరి దానిని ఒంటరిగా మోసెను.

తలిదండ్రులారా, పెండ్లి చీరె కొనుటకు ముందు ఈ పత్రములను ఒక సంచిలో చేర్చుడి. సంఘ పెద్దలారా, చదువురాని కుటుంబముతోకూడ మీలో ఒకరు ఆఫీసునకు వెళ్లుడి. బోయజు గవినియొద్దకు వెళ్లినది తన కొరకు మాత్రమే కాదు.

ఆలోచించుటకు ప్రశ్నలు:

1. పొలము కొన్న పత్రమును యిర్మీయా ఎందుకు అంత భద్రముగా దాచించెను?
2. మన సంఘ వివాహ రిజిస్టరు ఎక్కడ, ఎవరియొద్ద నున్నది?
3. మన సంఘములో పెండ్లి పత్రము లేని భార్యలున్నారా? వారికి ఈ నెలలో మనమేమి చేయగలము?