పాండిచ్చేరి హోటల్ మీద మన జిల్లాలోనే కేసు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ సముద్రం లేని ఊళ్లే. చల్లగాలి కావాలంటే హార్స్‌లీ హిల్స్ దగ్గర్లోనే ఉంది. పెళ్లిరోజుకు అలల పక్కన రెండు రోజులు గడపాలంటే మాత్రం కుప్పం దంపతులు జోలార్‌పేట, కాట్పాడి మీదుగా చెన్నై రైలెక్కుతారు. మదనపల్లె, పుంగనూరు వాళ్లు కారులోనో బస్సులోనో మహాబలిపురమో పాండిచ్చేరో చేరుకుంటారు. పరాయి రాష్ట్రం, రాని భాష. అక్కడ ఏదైనా తేడా వస్తే నిలబడి అడగడానికి చాలామంది జంకుతారు. ఇంటికొచ్చాక ‘పోనీలే, ఈ మాత్రానికి అంత దూరం కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారు’ అని వదిలేస్తారు.

అంత దూరం తిరగక్కర్లేదు. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం, 34వ సెక్షన్‌లో ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. మీరు కాపురముండే జిల్లాలో గానీ, పనిచేసే జిల్లాలో గానీ ఉన్న వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. పాత 1986 చట్టం కింద ఎదుటి పక్షం ఉన్న చోటుకో, వివాదం పుట్టిన చోటుకో పోవాల్సి వచ్చేది. మా ఊళ్లో వాళ్ల బ్రాంచి ఉంది కదా అన్నా, వివాదం అక్కడ పుట్టకపోతే చెల్లదని సోనిక్ సర్జికల్ కేసులో 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఇబ్బంది ఇప్పుడు లేదు. ఈ ఒక్క మార్పు తెలియకనే ఎంతోమంది న్యాయమైన డబ్బు వదులుకుంటున్నారు.

మీరు సముద్రం కనిపించే రూమని చూసి ముందే డబ్బు కట్టారనుకుందాం. తీరా వెళ్తే కిటికీ అవతల పక్క బిల్డింగు గోడ. ఏసీ పనిచేయదు. అడిగితే ‘ఇష్టముంటే ఉండండి’ అంటారు. చెప్పిన సేవ ఇవ్వకపోవడం చట్టం దృష్టిలో సేవాలోపం. రూము అద్దె తిరిగి అడగొచ్చు, పరిహారమూ అడగొచ్చు. పోయింది అద్దె ఒక్కటే కాదు కదా! దంపతులు ఎన్నాళ్లుగానో అనుకున్న ఒక రోజు పాడైంది. దానికి విలువ కట్టొచ్చా?

కట్టొచ్చని ఇంగ్లండ్ అప్పీలు కోర్టు 1972లోనే చెప్పింది. జార్విస్ అనే న్యాయవాది ఒక టూర్ కంపెనీ బ్రోచర్ చూసి, 63 పౌండ్ల చిల్లర కట్టి, క్రిస్మస్ సెలవులకు స్విట్జర్లాండ్ వెళ్లాడు. ఏడాదికి అతనికి దొరికేవి ఆ రెండు వారాల సెలవులే. రోజూ తోటి అతిథులతో విందు వాతావరణం ఉంటుందని బ్రోచర్‌లో రాశారు. రెండో వారం హోటల్లో అతనొక్కడే మిగిలాడు. యజమానికి ఇంగ్లిష్ రాదు. పాటల సాయంత్రమని చెప్పిన రోజున ఒక స్థానికుడు పని బట్టలతోనే వచ్చి, నాలుగైదు పాటలు గబగబా పాడేసి వెళ్లిపోయాడు. కింది కోర్టు 31 పౌండ్ల చిల్లర ఇచ్చి సరిపెట్టింది. లార్డ్ డెనింగ్ ధర్మాసనం దాన్ని 125 పౌండ్లకు పెంచింది. అంటే కట్టిన డబ్బుకు దాదాపు రెట్టింపు. సంతోషాన్ని ఇస్తామని ఒప్పుకుని ఇవ్వకపోతే, ఆ నిరాశకూ పరిహారం కట్టాల్సిందేనన్నది తీర్పు సారం. మన సుప్రీంకోర్టు కూడా 1993లో, లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో, పరిహారమంటే డబ్బు నష్టమొక్కటే కాదని, మానసిక వేదన కూడా అందులోకి వస్తుందని చెప్పింది. అయితే పది వేల రూముకు పది లక్షలు అడగకండి. అలా అడిగితే నిజమైన బాధ కూడా కమిషన్ కళ్లకు అత్యాశలా కనిపిస్తుంది.

యాప్‌లో బుక్ చేసుకుంటే హోటల్‌నూ, బుకింగ్ సంస్థనూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ సంస్థకు ఫిర్యాదుల అధికారి ఉండాలి. 48 గంటల్లో మీ ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. రద్దు చేస్తే డబ్బు వాపసు లేదన్న షరతు చూసి ఒప్పుకుని, తర్వాత మీరే ప్రయాణం మానుకుంటే మీ కేసు బలహీనమే. వాళ్లే రూము ఇవ్వలేకపోతే మాత్రం ఆ షరతు చూపించి తప్పించుకోలేరు.

ఇక రిసెప్షన్ దగ్గర జరిగే అవమానం. భార్య ఆధార్‌లో పుంగనూరు పుట్టింటి చిరునామా, తండ్రి పేరు ఉంటాయి. భర్త ఆధార్‌లో మదనపల్లె చిరునామా. ‘మీరిద్దరూ భార్యాభర్తలేనా? పెళ్లి సర్టిఫికెట్ చూపించండి’ అంటారు. పెళ్లిరోజున ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో వేరే చెప్పాలా! గుర్తింపు కార్డు అడగడం సబబే. పెళ్లి రుజువు చూపితేనే రూము ఇవ్వాలని మాత్రం ఏ చట్టమూ చెప్పదు. పెళ్లికాని స్త్రీ పురుషులు హోటల్ గదిలో ఉండకూడదని చెప్పే చట్టమేదీ లేదని, కోయంబత్తూరులో అధికారులు ఒక లాడ్జిని మూసేసిన కేసులో మద్రాసు హైకోర్టు 2019 డిసెంబరులో తేల్చింది. ముందుగా చెప్పని షరతుతో, డబ్బు తీసుకున్న బుకింగ్‌ను కాదంటే అదీ సేవాలోపమే. కాదన్న కారణాన్ని రాసిమ్మని అడగండి. ఇవ్వకపోతే అక్కడినుంచే వాళ్లకు మెసేజ్ పెట్టండి.

గదిలో రహస్య కెమెరా కనిపిస్తే అది వినియోగదారుల తగాదా కాదు, నేరం. దాన్ని పీకేయకండి. ఉన్నచోటే ఫొటో తీసి, సిబ్బంది చేతికి చిక్కకుండా చూసి, 112కు ఫోన్ చేయండి. స్త్రీని ఆంతరంగిక స్థితిలో రహస్యంగా చిత్రీకరిస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద మొదటిసారి ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు. భయపడి ఊరికి వచ్చేసినా ఆలస్యమైపోలేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా మీ ఊరి పోలీసులు ఫిర్యాదు తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఇలాంటి నేరంలో బాధితురాలు చెప్పేది మహిళా అధికారే రాసుకోవాలి. ‘అది తమిళనాడు కేసమ్మా, అక్కడికే పొండి’ అని తిప్పి పంపే హక్కు ఏ స్టేషన్‌కూ లేదు. ఆమె ధైర్యం చేసి గడప దాకా వచ్చినప్పుడు ఆ మాట అనడం ఆమెను రెండోసారి గాయపరచడమే.

కమిషన్‌కు వెళ్లాలంటే సాక్ష్యం ముఖ్యం. ప్రకటన స్క్రీన్‌షాట్, డబ్బు కట్టిన రసీదు, గదిలో తీసిన వీడియో, హోటల్‌కు అప్పుడే పంపిన మెసేజ్ దాచుకోండి. మెసేజ్ ఆ రోజే పంపితే మీ మాటకు బలం. బిల్లులో పన్ను ఎక్కువ వేశారేమో కూడా చూడండి. రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గదికి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ 5 శాతమే.

ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. దాంతో తెగకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే ఫిర్యాదు పెట్టొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు, వీడియోలో విచారణ కోరవచ్చు. గడువు రెండేళ్లు. నోటీసు అందాక ఎదుటి పక్షం 30 రోజుల్లో జవాబివ్వాలి. కమిషన్ మహా అయితే మరో 15 రోజులు ఇస్తుంది. అంతకుమించి ఇవ్వడానికి వీల్లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. గెలిచాక కూడా డబ్బివ్వకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 72వ సెక్షన్ కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, 25 వేలకు తగ్గని జరిమానా, లేదా రెండూ పడొచ్చు. రాసుకోవడం రానివాళ్లు 15100కు ఫోన్ చేస్తే న్యాయసేవా సంస్థ దారి చూపుతుంది. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెడతారు కాబట్టి, ఫిర్యాదు భార్య పేరు మీద వేయడం చాలా ఇళ్లకు మేలు.