గాలస్ కవి పద్యములు – ఒక లాటిన్ పపైరస్ పత్రము

నైలునదీ తీరమున పెరుగు పపైరస్ అను తుంగజాతి మొక్క కాండమును పలుచని పేలికలుగ చీల్చి, నిలువుగను అడ్డముగను పరచి, అదిమి ఆరబెట్టి ప్రాచీనులు వ్రాతపత్రములను చేసెడివారు. ఈజిప్టు ఇసుకలో అట్టివి వేలకొలది లభించినవి. కాని వానిలో లాటిన్ పత్రములు స్వల్పము. రోమనుల ఏలుబడిలో సైతము అచ్చటి కచేరీల భాష ప్రధానముగ గ్రీకు. లాటిన్ వాడుక చాలవరకు సైన్యమునకును, రోమను న్యాయ వ్యవహారములకును పరిమితము.

కావుననే 1978లో నూబియాలోని కస్ర్ ఇబ్రీమ్ కోటయందు దొరికిన చినిగిన లాటిన్ పత్రము పండితలోకమును కదలించినది. (ఉర్దూ విద్యార్థులకు పరిచితమైన 'కస్ర్' శబ్దమే ఇది.) అందున్నవి సుమారు తొమ్మిది పద్యపాదములు. కర్త కొర్నీలియస్ గాలస్. రోమను ఈజిప్టునకు ప్రథమ పాలకుడు. అగస్టస్ ఆగ్రహమునకు గురియై ఆత్మహత్య చేసికొనినవాడు. అంతకుమున్ను అతని కవిత్వమున మిగిలినది ఒకే పాదము!

లికోరిస్ అను ప్రియురాలి నామము కవిని పట్టియిచ్చినది. కాలమును సూచించినది లిపి. సైనికుల లేఖలలోని గొలుసుకట్టు వ్రాత వంటిది కాదిది. విడివిడిగ నిలిచిన పెద్ద అక్షరములు, మాటకును మాటకును నడుమ చుక్క. తరువాతి శతాబ్దములలో ఈ చుక్క మరుగుపడి, మన తాళపత్రములలోవలె పదములు కలిసిపోయినవి. ఈ లక్షణములనుబట్టి పత్రము క్రీస్తుశకారంభ ప్రాంతమునాటిదని, బహుశః కవి జీవితకాలముననే వ్రాయబడినదని పండితులు తలంచిరి.

1984లో ఒక జర్మన్ పండితుడు ఇది కూటలేఖనమని వాదించెను. ఆ వాదము నిలువలేదు. పత్రము వర్తకుని చేతినుండి వచ్చినది కాదు. పురావస్తు శాఖీయుల త్రవ్వకములలో, ఆ కాలపు చెత్తకుప్పనుండియే వెలువడినది.