ఆపరేషన్ గదిలో దేవుడు

"ఇంత సైన్సు వచ్చాక ఇంకా దేవుడెందుకు?" అని పిల్లలు అడిగితే కోప్పడవలసిన పని లేదు. వైద్యులమైన మేము ప్రార్థనను కూడా పరీక్షకు పెట్టి చూశాము.

2006లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు వెలువడ్డాయి. ఆరు ఆసుపత్రులలో బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1802 మందిని మూడు వర్గాలు చేశారు. రెండు వర్గాల కోసం ముక్కూమొహం తెలియనివారు ప్రార్థించారు. తమకోసం ప్రార్థన జరుగుతోందో లేదో తెలియనివారిలో, ప్రార్థన జరిగినవారికి 52 శాతం, జరగనివారికి 51 శాతం మందికి ఆపరేషన్ తరువాత ఇబ్బందులు వచ్చాయి. జరుగుతోందని ఖాయంగా తెలిసినవారిలో మాత్రం 59 శాతం! "నా పరిస్థితి అంత విషమించిందా?" అని బెంగపడ్డారేమోనని ఒక ఊహ.

దీనితో దేవుడు లేడని తేలిందా? తేలలేదు. ప్రార్థన మందులా పనిచేయలేదని మాత్రం తేలింది. అయినా, ఊళ్ళో తల్లి మంచాన పడితే వెళ్ళలేని కొడుకు ఇక్కడి గుడిలో ఆమె పేరు, గోత్రం చెప్పి అర్చన చేయిస్తాడు. ఆమె రిపోర్టు మారకపోవచ్చు. ఆ రాత్రి ఫోనులో అమ్మతో గొంతు వణకకుండా మాట్లాడతాడు. మన భక్తికి ఈ కాలంలోనూ అక్కడ చోటుందని మా నమ్మకం.

మందు చేయవలసిన పని దేవుడికి అప్పగిస్తేనే చిక్కు. నవరాత్రి ఉపవాసమని ఇన్సులిన్ మానేసేవారున్నారు. దయచేసి సొంతంగా మానకండి. ముందే డాక్టరును కలిసి మోతాదు సరిచేయించుకోండి. చక్కెర పొంగలి ప్రసాదం ఒక్క చెంచాడు చాలు, అమ్మవారేమీ అనుకోదు.