చేతిలో ఫోను, మనసులో గుబులు

మీరు శబరి ఒడ్డున కొంటాలో ఉన్నా, నగరంలో ఉన్నా ఈ పాఠం మీకు పనికివస్తుంది. ఫోను చూడటమే జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల పట్టికలో వీడియో ఆటల వ్యసనం ఉంది గాని, సామాజిక మాధ్యమాల వ్యసనం లేదు.

మరి ఎప్పుడు అనుమానించాలి? గంటల లెక్క ఒక్కటే చాలదు. నిద్ర చెడిందా? పని, చదువు మూలపడ్డాయా? మానాలనుకున్నా మానలేకపోతున్నారా? లైకు ఎప్పుడు వస్తుందో తెలియదు కనుకనే చేయి మాటిమాటికీ ఫోను మీదికి పోతుంది. రాకపోతే దిగులు.

బెంగళూరు నిమ్‌హాన్స్ 2014లో ఇందుకు ప్రత్యేక క్లినిక్ తెరిచింది. అంత దూరం పోనక్కరలేదు. 2022లో మొదలైన టెలి మానస్‌కు, 14416 నెంబరుకు, ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. (దానికీ ఫోనే కావాలి మరి!)

అభ్యాసం: రాత్రి ఫోను పక్కన పెట్టిన వేళను, ఉదయం లేచిన వేళను ఏడు రోజులు రాయండి.