బుజ్జితల్లికి

బుజ్జితల్లీ,

నీ ఉత్తరం అందింది. వాతావరణ మార్పుల వల్ల దేశానికి ఎంత నష్టమో లెక్కకట్టే ప్రాజెక్టు తీసుకున్నావని చదివి మీ పిన్ని, నేను ఎంత మురిసిపోయామో! వేళకి తింటున్నదీ లేనిదీ మాత్రం ఒక్క ముక్క రాయలేదేం? సరేలే, కోప్పడను.

ఇక్కడ మార్చి దాటకముందే ఎండ మాడ్చేస్తోంది. మిరపకోతకు తెల్లారకముందే దిగిన కూలీలు పదకొండింటికల్లా చేలోంచి వచ్చేస్తున్నారు. ఆగితే వడదెబ్బ, వచ్చేస్తే కూలి తక్కువ. నీ లెక్క అక్కడ మొదలుపెట్టమ్మా. 2030 నాటికి ఎండ వేడికే మన దేశంలో 5.8 శాతం పనిగంటలు పోతాయని, అది 3 కోట్ల 40 లక్షల ఉద్యోగాలతో సమానమని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లోనే చెప్పింది. తుఫాను వస్తే అధికారులు వచ్చి నష్టం రాసుకుంటారు. ఎండలో పోయిన పూట కూలి రాసుకోవడానికి ఎవరొస్తారు?

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, గుర్తుందా? కోసి పనల మీదున్న వరి నీళ్లలో నాని మొలకెత్తింది. కూలిన కరెంటు స్తంభాలు నష్టం కింద రాశారు. కొత్తవి పాతిన ఖర్చు జీడీపీలో కలుస్తుంది కూడా! కాగితం లేని కౌలురైతు వడ్డీకి తెచ్చిన డబ్బు మాత్రం ఎక్కడా కలవదు. ఆ ఇంట్లో ఆడపిల్ల చదువు ఆగిపోతే అది ఏ పద్దులో రాస్తావు చెప్పు?

ఇంకో రకం నష్టం కూడా చూడు. అదే ఏడాది జులైలో ధరల పెరుగుదలకు భయపడి కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతులు ఆపేసింది. అమెరికాలో మీ అన్నయ్య సోనామసూరి బస్తా కోసం కొట్లు తిరిగాడు కదా. ఆ వెంటనే వచ్చిన ఆగస్టంత పొడి ఆగస్టు మన దేశంలో 1901 నుంచి ఎప్పుడూ లేదు. పేదవాడి కంచం కాపాడాలన్నది న్యాయమే, నేను కాదనను. కానీ బయట మంచి ధర పలుకుతుంటే రైతుకు దక్కనిది కూడా నష్టమే కదా.

2030 నాటికి జీడీపీలో 4.5 శాతం దాకా ముప్పులో పడొచ్చని రిజర్వు బ్యాంకు నివేదికలో ఉంది. దాన్ని ఎత్తి రాసేసి ఊరుకోకు తల్లీ. ఆ శాతం ఎవరి ఇంట్లోంచి పోతోందో అడుగు. సెలవులకు వచ్చేయి, మన ఊరి కౌలురైతుల దగ్గరికి నేనే తీసుకెళ్తాను. పొద్దున్నే వెళ్దాం, మిట్టమధ్యాహ్నం నిన్ను గడప దాటనివ్వను.

మీ బాబాయి