నిరాదరణకు గురైన పెద్ద జాతి కుక్కలకు వ్యవసాయ క్షేత్రంలో ఆశ్రయం – పరిశీలించవలసిన అంశాలు

గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్, మాస్టిఫ్ వంటి పెద్ద జాతి కుక్కపిల్లలను నగరాల్లో ముచ్చటపడి కొంటారు. ఏడాది తిరిగేసరికి వాటి తిండి, వైద్యం భారమవుతాయి. కొందరు వాటిని డాబా మీద కట్టివేసి పట్టించుకోవడం మానేస్తారు. మరికొందరు వీధిలో వదిలేస్తారు. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును అకారణంగా వదిలివేయడం, పొట్టి గొలుసుతో అతిగా కట్టి ఉంచడం జంతు హింస నిరోధక చట్టం, 1960లోని 11వ సెక్షను ప్రకారం నేరాలు.

ఇటువంటి కుక్కను కాపాడినవారికి మొదట తోచేది ఏదైనా మామిడితోటకు ఇచ్చివేయాలన్న ఆలోచన. తోటలో చోటుంటుంది, రైతుకు కాపలా దొరుకుతుంది. అయితే పగలంతా మోటారు షెడ్డుకు కట్టి ఉంచి, రాత్రి విప్పి మనుషులు ఊళ్ళోకి వెళ్ళిపోయే తోట ఆ కుక్కకు మరో డాబా మాత్రమే. కాపలా ఒక్కటే కావలసిన రైతుకు మన ఎండలకు అలవాటుపడిన నాటు కుక్కే మేలు. దట్టమైన బొచ్చుగల సెయింట్ బెర్నార్డ్‌ను రాయలసీమ వేసవిలో ఆరుబయట ఉంచడం హింసే అవుతుంది.

తరలించేముందు దేహస్థితిని అంచనా వేయాలి. 9 అంకెల సూచికలో 4 లేదా 5 సరైన స్థితి; ఎముకలు దూరం నుంచే కనిపించే కుక్క 1 కిందకు వస్తుంది. దానికి జాలిపడి ఒకేసారి కడుపునిండా అన్నం పెట్టడం ప్రమాదకరం. పస్తులున్న దేహానికి హఠాత్తుగా పిండిపదార్థాలు అందితే రక్తంలో భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం స్థాయులు పడిపోయి గుండె లయ తప్పవచ్చు. 30 కిలోల కుక్కకు విశ్రాంతి స్థితిలో రోజుకు సుమారు 900 కిలో క్యాలరీలు అవసరం. పశువైద్యుని పర్యవేక్షణలో అందులో నాలుగో వంతుతో మొదలుపెట్టి, చిన్న మోతాదులుగా విభజించి, కొద్ది రోజుల్లో పూర్తి ఆహారానికి చేర్చాలి.

పొలంలో అసలు అపాయం ఎలుకల మందు. నూకలు 96 పాళ్ళు, నూనె 2 పాళ్ళు, మందు 2 పాళ్ళు కలిపిన ఎరలోని నూనె వాసన ఎలుకతోపాటు కుక్కనూ ఆకర్షిస్తుంది. జింకు ఫాస్ఫైడు కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ వాయువును విడుదల చేస్తుంది. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. బ్రోమాడయోలోన్ వల్ల రక్తం గడ్డకట్టే గుణం తగ్గుతుంది. లక్షణాలు కొన్ని రోజులకుగాని బయటపడవు కాబట్టి రైతు కారణాన్ని గుర్తించలేడు. సకాలంలో విటమిన్ కె1 ఇస్తే ఫలితం ఉంటుంది. అందుకు మందు పొట్లాన్ని వైద్యునికి చూపాలి. ఎరను గట్ల మీద చల్లకుండా పొట్లాలుగా కట్టి కలుగుల్లో ఉంచి మట్టితో మూయాలి. చచ్చిన ఎలుకలను ఏరి పాతిపెట్టాలి. ఈ పద్ధతి పాటించని క్షేత్రానికి, అది ఎంత విశాలమైనదైనా, కుక్కను ఇవ్వరాదు.

కుటుంబాన్ని ఎంచుకునేటప్పుడు యజమానితో మాట్లాడితే చాలదు. కుక్కకు రోజూ కూడు పెట్టేది ఇంటి ఇల్లాలో, తోటమాలి భార్యో అయి ఉండవచ్చు. ఆమెకు భయం లేదని, ఇష్టం ఉందని తెలుసుకోవాలి. ఆకలి ఎరిగిన కుక్క తిండిగిన్నె దగ్గర గుర్రుమనవచ్చు కనుక పసిపిల్లలున్న ఇంట్లో ప్రత్యేక జాగ్రత్త అవసరం. రేబీస్ టీకా, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స, పిడుదుల నివారణ ముందే పూర్తికావాలి. తొలి రెండు వారాలను పరిశీలన కాలంగా భావించి, కుక్క ఇమడని పక్షంలో కాపాడినవారే తిరిగి తీసుకువెళ్ళే ఒప్పందాన్ని కాగితం మీద రాసుకోవాలి.