సైకిలు తొక్కితే పాదాలు తిమ్మిరెక్కుతున్నాయా?

కోవూరులో సైకిలు ఇప్పటికీ పేదింటి బండే. పడుగుపాడు, ఇనమడుగు వైపుల నుంచి బడికి వచ్చే పిల్లలకు, పెన్న వంతెన దాటి నెల్లూరుకు పనికి పోయేవారికి, వీధి వీధీ తిరిగి సరుకు అమ్ముకునేవారికి అదే ఆధారం. వీరిలో కొందరు "తొక్కుతుంటే పాదాలు మొద్దుబారుతున్నాయి, చీమలు పాకినట్టుంది" అంటుంటారు. ఈ తిమ్మిరి రెండు రకాలు. సైకిలు దిగగానే పోయేది ఒకటి, దిగినా పోనిది మరొకటి. మొదటిదానికి స్పానరు చాలు. రెండోదానికి డాక్టరు కావాలి.

తిమ్మిరి ఎందుకు వస్తుంది?

నేల మీద చాలాసేపు కాళ్లు మడిచి కూర్చుని లేస్తే కాలు తిమ్మిరెక్కడం అందరికీ తెలిసిందే. నరం నొక్కుకుపోయి, దానికి రక్తం సరిగా అందకపోతే స్పర్శ మందగిస్తుంది. ఒత్తిడి పోగానే నరం తేరుకుంటుంది. అప్పుడే సూదులు గుచ్చినట్టుంటుంది.

సైకిలు మీద జరిగేదీ ఇదే. కాలివేళ్లకు పోయే సన్నని నరాలు పాదం ముందుభాగంలో ఎముకల మధ్య నుంచి సాగుతాయి. తొక్కే బరువంతా అక్కడే పడుతుంది. బూటు ఇరుకైతే పక్కల నుంచి, లేసు బిగిస్తే పైనుంచి నరం నలుగుతుంది. అరిగిన హవాయి చెప్పులైతే పెడలు అంచులు అరికాలిని నొక్కుతాయి.

సరిచేసుకునే పద్ధతి

1. సీటు ఎత్తు: సీటు మీద కూర్చుని, కిందికి దించిన పెడలు మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా చాచుకోవాలి. సీటు మరీ ఎత్తుగా ఉంటే పిల్లలు వేళ్ల కొసలతో అందుకుని తొక్కుతారు.

2. పాదం ఆనే చోటు: వేళ్ల మొదళ్లు పెడలు ఇరుసుకు సరిగ్గా పైన ఉండాలి. అయినా తిమ్మిరి వస్తే పాదాన్ని కాస్త ముందుకు జరిపి తొక్కాలి.

3. పాదరక్షలు: అడుగు గట్టిగా, ముందుభాగం వేళ్లు కదిలేంత వెడల్పుగా ఉండాలి.

4. దారిలో: మధ్యమధ్య వేళ్లు ఆడించాలి. మొద్దుబారితే దిగి నాలుగడుగులు నడవాలి.

దిగినా పోకపోతే

ఇంట్లో కూర్చున్నా, రాత్రి పడుకున్నా ఉండే తిమ్మిరి, రెండు పాదాల్లోనూ వేళ్ల నుంచి పైకి పాకే మొద్దుతనం సైకిలు వల్ల వచ్చినవి కావు. ముందుగా అనుమానించవలసింది షుగరు వ్యాధిని. పరగడుపు పరీక్షలో 126 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే మరో పరీక్షతో నిర్ధారించుకోవాలి. విటమిన్ బి12 లోపం కూడా నరాలను దెబ్బతీస్తుంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో ఈ లోపం రావచ్చు. చర్మం మీద స్పర్శ లేని మచ్చ ఉంటే కుష్ఠు పరీక్ష చేయించాలి. దానికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం, జబ్బు పూర్తిగా నయమవుతుంది. నడుము నొప్పితో ఒక కాలికే తిమ్మిరి దిగితే వెన్ను దగ్గర నరం నొక్కుకుందేమో చూపించుకోవాలి.

స్పర్శ తగ్గిన పాదానికి పెడలు గీరుకున్నా, చెప్పులో రాయి పడినా తెలియదు. చిన్న గాయం పుండై, చీము పట్టి, చివరికి వేలో పాదమో తీసేయవలసిన స్థితి వస్తుంది. వుజూ కోసం రోజుకు ఐదు పూటలా పాదాలు కడుక్కునేవారికి ఇక్కడొక మేలైన అవకాశం ఉంది. కడిగే చేత్తోనే అరికాలు, వేళ్ల సందులు పరిశీలించి, తడి తుడుచుకోవాలి. ఎండాకాలం మసీదు ముందు కాలిన బండల మీద షుగరు ఉన్నవారు ఒట్టి కాళ్లతో నడవకూడదు.

దాతలకు ఒక మనవి

'బడికొస్తా' పథకం కింద రాష్ట్ర ప్రభుత్వం హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చింది. మన దాతలూ పేద పిల్లలకు, కష్టజీవులకు సైకిలు ఇవ్వాలని ముందుకు వస్తే ఎంతో సంతోషం. అయితే అందరికీ ఒకే కొలత కొనకండి. పిల్లల ఎత్తు చూసి కొనండి. పంచే రోజు ఒక మెకానిక్కును కూర్చోబెట్టి, ఎవరి సీటు వారికి సరిచేయించండి. పెద్దవారికి ఇస్తుంటే షుగరు పరీక్ష కూడా చేయించమని చెప్పండి. 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్ష ఉచితమే. కాళ్లు నొప్పెట్టే సైకిలు నాలుగు రోజులకే గోడకు ఆనుతుంది. కాలికి కుదిరిన సైకిలు పదో తరగతి దాకా పిల్లను బడికి చేరుస్తుంది.